ఆకు వద్దన్న వెలుగు

ఈ దీపాన్ని కోతుల వల్ల కనిపెట్టాల్సి వచ్చిందంటే వినేవాళ్లు నవ్వుతారు. నవ్వినా సరే, అసలు సంగతి అదే.

ఇప్పగూడెం నలభై ఇళ్ల ఊరు. చుట్టూ పులులు తిరిగే అడవి కాబట్టి కరెంటు తీగ లాగడానికి అనుమతి ఎన్నడూ రాలేదు, ఇక రాదు కూడా. ఇంటి కప్పు మీద ఒక సోలార్ పలక, లోపల గోడకు ఒక బ్యాటరీ, దాంతోనే సంసారం. పెరట్లో ఏం వేసినా కోతులు పీకి పారేసేవి. బెండకాయ పిందె దశ దాటేది కాదు. పాలకూర రెండాకులు వేస్తే మూడో ఆకు కోతిదే. విసిగిపోయిన ఆడవాళ్లు కూరల్ని ఇళ్లలోకి తెచ్చుకున్నారు. గోడకు అరలు కొట్టించి, అరల్లో డబ్బాలు పెట్టి, పుంటికూర, మెంతి, పాలకూర పోశారు. కోతులు కిటికీ చువ్వలు పట్టుకుని లోపలికి చూస్తూ కూర్చునేవి. అంతవరకూ విజయమే. కానీ ఇంట్లో చీకటి. ఆకు పెరగాలంటే రోజుకు పన్నెండు గంటలైనా వెలుగు పడాలి. వానాకాలంలో ఆ పలక మీద పడే ఎండకు తెల్ల దీపం నాలుగు గంటలు వెలిగితే గొప్ప.

ఈ చిక్కు హనుమకొండలో ఒక మేడమీది ప్రయోగశాలకు చేరింది. కింద మిక్సీలు బాగుచేసే దుకాణం, పైన సుచరిత. ఆవిడకు నలభై మూడేళ్లు, పద్దెనిమిదేళ్లుగా వెలుగే పని. ఏ దీపం కొనాలని చుట్టాలెవరైనా ఫోన్ చేస్తే గంటసేపు చెప్పి, వాళ్లు మళ్లీ ఫోన్ చేయకుండా చేసుకోగల మనిషి.

ఆవిడ మొదట బజార్లో దొరికే దీపాలన్నీ తెచ్చి పాలకూర మీద వేలాడదీసింది. ప్రతిదానికీ అదే జబ్బు. సగం వెలుగు ఆకు తింటోంది, సగం ఆకు మీద పడి వెనక్కి వచ్చేస్తోంది. ఆకు తినని రంగును పుట్టించడానికి కూడా బ్యాటరీ ఖర్చవుతోంది. అప్పుడు ఆవిడకు తట్టిన ఉపాయం చాలా చిన్నది. ఏం కావాలో ఆకునే అడిగితే సరి.

అరచేతి వెడల్పున దీపం తయారైంది. అంచు చుట్టూ ఎనిమిది రంగుల చుక్కలు, ఒక్కో చుక్క పక్కన ఆవగింజంత కన్ను. చుక్క వెలుగు చిమ్ముతుంది, ఆకు తనకు కావలసింది మింగి మిగిలింది వెనక్కి కొడుతుంది, ఆ వచ్చినదాన్ని కన్ను కొలుస్తుంది. ఏ రంగు ఎక్కువగా తిరిగొస్తే దాన్ని దీపం కొద్దికొద్దిగా మానుకుంటుంది.

"అన్నం పెట్టే తల్లి లెక్క మేడం," అన్నాడు నజీర్. దీపంలోని సర్క్యూట్లన్నీ అతని చేతిపనే. "పళ్లెంల ఏది మిగిలిస్తే రేపు అది వండది."

"పట్టికలో ఆకు మిగిల్చినదాని గడికి పేరేం పెడదాం?" అంది సుచరిత.

"వృథా అని రాస్తే అయిపాయె."

అలాగే రాశారు. పాలకూర మీద వేలాడదీసిన దీపం మొదటిరోజు ఇరవై వాట్లు తాగింది, మూడో రోజుకు ఏడుకు దిగింది. ఆకుపచ్చ పోయింది, పసుపు పోయింది, నీలమూ ఎరుపూ మిగిలాయి. గది వంకాయపువ్వు రంగులోకి తిరిగింది. మెల్లగా తిరిగింది కాబట్టి ఎవరి కళ్లూ పేచీ పెట్టలేదు. చూడటానికి వచ్చిన పెద్దమనుషులను మూడు రోజులు కూర్చోబెట్టడం కుదరదు కనక, మీట పది అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కితే ఇరవై నిమిషాల్లోనే నేర్చుకునేలా నజీర్ ఒక దొడ్డిదారి కూడా పెట్టాడు. ప్రయోగశాల పెద్ద భూమేశ్వర్ గారు మీటరు చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"సుచరితా, ఇది ఇంట్లో పెట్టుకుని చూశావా?"

"రేపు పెడతా సార్."

పెట్టింది కూడా. వంటింట్లో కొత్తిమీర కుండీ పైన వేలాడదీసింది. వారం తిరిగేసరికి పన్నెండేళ్ల కూతురు సంహిత పళ్లెం ముందు కూర్చుని ముఖం చిట్లించింది.

"అమ్మా, ఇయాళ్ల గూడ పప్పుల రెండుసార్లు కారమేసినవ్. పసుపెయ్యలే."

"పసుపే వేశానే!"

సంహిత పళ్లెం పట్టుకుని వరండాలోకి వెళ్లి, ఎండలో చూసి, మంటకు నీళ్లు తాగి వచ్చింది. సుచరిత పోపుల డబ్బా దీపం కింద తెరిచి చూసింది. పసుపు గడి, కారం గడి అక్కచెల్లెళ్లలా ఉన్నాయి, రెండూ ఎరుపే. అది చూసి ఆవిడకు నవ్వొచ్చింది. మర్నాడు ప్రయోగాల పుస్తకంలో ఒక వాక్యం రాసింది: "పసుపు వర్ణం ఎరుపుగా కనిపించును. వంటలో స్వల్ప అసౌకర్యం." దాని పక్కన ముఖ్యం కాదని గుర్తు పెట్టింది. ఆ గుర్తు తరవాత చాలాకాలం ఆవిడ కళ్లముందు కదలబోతోంది గానీ, ఆ పూట మాత్రం ఆవిడకు పప్పు గురించి తప్ప దేని గురించీ బెంగ లేదు.

మృగశిర రాకముందే ఇప్పగూడెంలో ఇంటికి రెండేసి దీపాలు పెట్టారు. ఒకటి అరలకు, ఒకటి మనుషులకు అనుకున్నారు గానీ ఒంటిగది ఇళ్లలో ఆ తేడా ఎక్కడుంటుంది! రెండూ ఆకుల మీదికే తిరిగాయి, ఆ వెలుగులోనే మనుషులు తిన్నారు, తిరిగారు. పగలంతా వెలిగినా బ్యాటరీ మిగిలేది. ఊళ్లో ఫోను సిగ్నలు లేదు. వారానికోసారి నర్సక్క అనే ఆవిడ గుట్ట ఎక్కి, ఇల్లిల్లూ తిరిగి అడిగిన సంగతులన్నీ ఫోన్లో చెప్పి పంపేది. అడగాల్సిన ప్రశ్నలు సుచరితే రాసిచ్చింది. ఎన్ని గంటలు వెలిగింది, ఎంత కోశారు, ఆకు పచ్చగా ఉందా.

ఆరో వారం నుంచి నర్సక్క గొంతు ప్రతి ఇంటి పేరూ చదివి ఒకే మాట చెప్పింది. "పచ్చగున్నది. పచ్చగున్నది. గీ ఇంట్ల ఇంకింత పచ్చగైంది." సుచరిత ప్రతి గడిలోనూ టిక్కు పెట్టింది. భూమేశ్వర్ గారు సంతోషం పట్టలేక ఊరికి శబాష్ అని సందేశం పంపించారు.

మూడు వారాలయ్యాక నజీర్ తల గోక్కున్నాడు. "ఇంత పచ్చగుంటే బరువెందుకు తగ్గుతుంది మేడం? మొదట ఇంటికి కిలో కోసిన్రు. ఇప్పుడు పావుకిలో."

జవాబు లేని ప్రశ్న ఉంటే సుచరితకు అన్నం సయించదు. బయల్దేరింది.

జీపు వాగు దాకా వచ్చింది. మోకాలి లోతు నీళ్లలో సుచరిత వాగు దాటి, రెండు గంటలు నడిచి ఇప్పగూడెం చేరింది. ఆవిడ చేరిన పూటే వాన దంచికొట్టింది. వాగు పొంగింది. ఇక తగ్గేదాకా ఇక్కడే కూర్చోవాలని ఊరివాళ్లు తేల్చేశారు. సుచరిత ఫోను చేరేసరికే చచ్చింది, వాగవతల చార్జింగు పెట్టించుకొచ్చే నర్సక్క ఫోనూ అప్పటికే ఆరిపోయి ఉంది. ఇక్కడి బ్యాటరీలకు ఫోను తగిలించుకునే సదుపాయం సుచరితే తీసేయించింది, కరెంటు ఆదా అవుతుందని.

నర్సక్క ఇంట్లో అరల ముందు నిలబడి చూసింది. దీపం కింద పాలకూర ఎర్రటి నలుపులో, దిట్టంగా కనబడుతోంది. ఎప్పుడూ కనబడేలాగే ఉంది.

"బాగానే ఉంది కదా నర్సక్కా!"

నర్సక్క ఆవిణ్ని ఒక వింత మనిషిని చూసినట్టు చూసింది. నాలుగాకులు తెంపి, సుచరిత చెయ్యి పట్టుకుని వాకిట్లో చూరు కిందికి తెచ్చింది. మబ్బు వెలుగులో ఆకులు చూపించింది. అవి ఎండుగడ్డి రంగులో ఉన్నాయి. ఈనెలు మాత్రం కాస్త ఆకుపచ్చ.

"ఇదేం మంచిగ మేడం? మూడు వారాల సంది చెప్తనే ఉన్న గదా, పచ్చగైంది, పచ్చగైంది అని! డబ్బాలల్ల మన్ను సత్తువ చచ్చింది, ఏం ఎరువెయ్యాల్నో చెప్తరని చూస్తున్నం. మీరేమో శబాష్ అని పంపిన్రు. పెద్దోళ్లు, ఏదో లెక్క ఉంటదనుకున్నం."

సుచరిత నాయనమ్మ ఊళ్లోనూ పచ్చ అంటే పసుపే. పచ్చబంతి అంటే పసుపు బంతి, పచ్చచీర అంటే పసుపు చీర, ఆకు రంగైతే విడిగా ఆకుపచ్చ అనేవాళ్లు. చిన్నప్పుడు తనూ అలాగే అంది. బడికెళ్లి, పుస్తకాలు చదివి, కాగితం మీద పచ్చగా అని రాసేటప్పుడు మాత్రం అది ఆకు రంగైపోయింది. రెండు మాటలూ తన నోట్లోనే ఉన్నాయి. ఇన్నేళ్లలో ఒకదానికొకటి ఎదురు పడనే లేదు. ఆవిడకు సిగ్గేసింది.

"ఇంట్లో ఉండగా పసుపని కనబడలేదా?"

"ఇంట్ల ఎట్ల కనబడ్తది! గా దీపం కింద అన్నీ ఎర్రగనే కొడ్తయి. కడుగుదామని బయటికి తెస్తే తెలుస్తది."

నర్సక్క నవ్వుతూ ఇంకో మాట కలిపింది. "ఆకు సంగతి వదిలెయ్యి మేడం. ఒక మంచి ముచ్చట చెప్పనా! మా సడవలి పెండ్లాం స్వరూపకు బిడ్డ పుట్టింది. ఇయాళ్టికి తొమ్మిదొద్దులు. ఎంత ఎర్రగున్నదనుకున్నవ్! వాళ్ల వంశంల గంత ఎర్రటి పిల్ల లేదు. కొమురమ్మవ్వ అయితే దిష్టి తగుల్తదని ఎవ్వలకూ సరిగ్గ చూపియ్యది."

సుచరితకు పోపుల డబ్బా గుర్తొచ్చింది.

"పాలు తాగుతోందా?"

"నిన్నటి సంది నిద్రనే అంట. బంగారుతల్లి, ఏడుపే లేదన్నది అవ్వ."

సుచరితకు భయం వేసింది. ఆవిడ డాక్టరు కాదు. కానీ పుట్టిన పిల్లలకు ఒళ్లు పసుపెక్కుతుందనీ, కొందరికి అది హద్దు దాటితే మెదడుకు ముప్పనీ తెలుసు. సంహిత పుట్టినప్పుడు రెండు రోజులు నీలి దీపాల కింద పడుకోబెట్టారు. అప్పుడు కూడా సుచరిత ఆ దీపాల కంపెనీ ఏదని నర్సును అడిగింది.

సడవలి ఇల్లు ఊరి చివర. గోడలు మట్టివి, కప్పు గూనపెంకులది. సడవలి చూరు కింద గొంతుక్కూర్చుని ఉన్నాడు, పురిటి గదిలోకి అతనికి ప్రవేశం లేదు. కిటికీకి గోనెపట్టా కట్టి ఉంది. లోపల రెండు దీపాలు వంకాయపువ్వు వెలుగు పోస్తున్నాయి. స్వరూప గోడకు ఆనుకుని ఉంది. పక్కన చేటలో మెత్తటి పాతచీర మీద పిల్ల. వెలుగులో బుగ్గలు దానిమ్మ గింజల్లా ఉన్నాయి.

"అవ్వా, పిల్లను ఒక్క నిమిషం వాకిట్లోకి తీసుకెళ్లి చూద్దాం," అంది సుచరిత.

సడవలి తల్లి కొమురమ్మ చేటకు అడ్డంగా కూర్చుంది. డెబ్బై ఏళ్ల మనిషి, గొంతు మాత్రం కంచు. "ఏంది బిడ్డా నువ్వనేది! పదకొండొద్దులు నిండలే, పురుడు కాలే. పసిగుడ్డు గడప దాటుతదా? నా తొమ్మిది కాన్పులల్ల ఎవ్వలు దాటలే."

"దీని ఒళ్లు ఎర్రగా లేదవ్వా. ఈ దీపం అలా చూపిస్తోంది. కామెర్లేమో అని నా అనుమానం."

"కామెర్లయితే పచ్చగుంటది. నాకు తెల్వదా? నా కండ్లు పోలే. ఎర్రగున్నది చూడు."

కొమురమ్మ కళ్లు నిజంగానే పోలేదు. ఆ కళ్లకు అందాల్సిన రంగును తీసేసింది సుచరితే. పద్దెనిమిదేళ్ల చదువంతా వెచ్చించి మరీ తీసేసింది. ఆ సంగతి ఈ ముసలామెకు ఎలా చెప్పాలో ఆవిడకు తెలియలేదు. పిల్ల అరికాలి మీద వేలితో గిచ్చింది. కాలు కదిలింది గానీ ఏడుపు రాలేదు. స్వరూప అది చూసింది.

"అత్తా," అంది స్వరూప నెమ్మదిగా. "పొద్దటి సంది పాలకు నోరు తెరుస్తలేదే."

కొమురమ్మ చేట దగ్గరినుంచి లేవలేదు. అప్పుడు బయటినుంచి సడవలి గొంతు వినబడింది. అంతసేపూ అన్నీ వింటున్నాడు.

"పిల్ల బయటికి రావద్దు, అంతేనానే అవ్వా? వెలుగు లోపలికొస్తే తప్పులేదు గదా."

ముసలామె తల ఎత్తి చూసింది.

"మేడం, ఎన్ని గూనలు తియ్యాలె?"

ఏటా వానలకు ముందు ఇంటి కప్పు విప్పి మళ్లీ కప్పే మనిషికి అదో పని కాదు. తుంపర ఆగిన సందు చూసి సడవలి పైకెక్కాడు. సోలార్ పలక పక్కగా మోకాళ్ల మీద పాకి, ఒక్కో పెంకూ ఎత్తి పక్కన పేర్చాడు. నర్సక్క దీపాలు ఆర్పేసింది. పదో పెంకు లేచేసరికి మబ్బు పట్టిన పగటి వెలుగు ఒక చాపంత మేర చేట మీద పడింది.

ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. పిల్ల ముఖం, మెడ, పొట్ట, అరికాళ్లతో సహా పసుపు ముద్దలా ఉంది. స్వరూప దాని రెప్ప ఎత్తి చూసింది. కంటి తెలుపు కూడా అదే రంగు.

"అయ్యో బిడ్డా," అంది కొమురమ్మ. "పచ్చగైపాయె."

ఆ మాట సుచరితకు ఈసారి సరిగ్గా అర్థమైంది.

వాగవతల ఆసుపత్రి ఉంది. వాగు గట్టున చెట్ల నడుముల దాకా నీళ్లు ఉన్నాయి. తుంపర మళ్లీ మొదలైంది, సడవలి పెంకులు కప్పక తప్పలేదు. నర్సక్క ఆదుర్దాలో దీపాలు మళ్లీ వేసింది. పిల్ల మళ్లీ దానిమ్మ గింజలా అయిపోయింది. అది చూసి స్వరూప ఏడవటం మొదలుపెట్టింది.

సుచరిత మాత్రం దీపాన్నే చూస్తూ నిలబడింది. ఆవిడ బుర్ర అలవాటు కొద్దీ లెక్కలోకి దిగింది. పిల్ల ఒళ్లు పసుపుగా ఎందుకుంది? నీలం రంగును మింగేసి మిగతావన్నీ వెనక్కి కొడుతోంది కాబట్టి. ఆ ఒంట్లో చేరిన పచ్చని విషానికి కావలసింది నీలమే. నీలం తిన్నకొద్దీ అది విరిగి ఒంట్లోంచి పోతుంది. ఆసుపత్రిలో చేసేదీ అదే. ఇక ఈ దీపానికి వచ్చిన విద్య ఒక్కటే. ఎదురుగా ఉన్నది ఏ రంగు మింగితే ఆ రంగు పోయడం. ఇన్నాళ్లూ ఆకును అడిగింది. పిల్లను అడిగితే?

"నర్సక్కా, ఊళ్లో దీపాలు కావాలి. బ్యాటరీలు కూడా."

"ఎన్ని?"

"దీపాలు పన్నెండు చాలు. బ్యాటరీలు అందరివీ."

"అందరివంటే ఆకులు?"

"పోతాయి."

నర్సక్క కొంగు నెత్తిన వేసుకుని వానలోకి వెళ్లింది. ఆవిడ ఇళ్లలో ఏం చెప్పిందో సుచరితకు తెలియదు. గంటలో మాత్రం సడవలి చూరు కింద బ్యాటరీలు వరస కట్టాయి, ప్లాస్టిక్ సంచులు కప్పుకుని. ఇంటికొకరు చొప్పున మోసుకొచ్చి దింపి వెళ్లారు. ఎవరూ లోపలికి తొంగి చూడలేదు, పురిటిల్లు కదా.

నులకమంచం ఒకటి తెచ్చి పిల్ల ఉన్న చేట మీదుగా వేశారు. మంచం కింద పిల్ల, మంచం నులకకు కిందికి చూసేలా పన్నెండు దీపాలు కట్టారు. పిల్ల కళ్లకు స్వరూప నల్లగుడ్డ కట్టింది. సుచరిత ఒక్కో దీపం మీట నొక్కి పది లెక్కపెట్టింది. నజీర్ దొడ్డిదారి పనికొచ్చింది.

మొదట పన్నెండూ తెల్లగా వెలిగాయి. అయిదు నిమిషాల్లో ఎరుపు తగ్గింది. తరవాత నారింజ, పసుపు, ఆకుపచ్చ పోయాయి. పిల్ల ఒళ్లు వాటిని వద్దని తిప్పికొడుతోంది, దీపాలు వింటున్నాయి. ఇరవై నిమిషాలకు మంచం కింద శుద్ధమైన నీలం మిగిలింది. కొమురమ్మ రెండు చేతులూ జోడించింది, దీపానికో సుచరితకో తెలియలేదు. ఎవరికైనా సరే, సుచరిత ఆ దణ్ణం చూడలేక తల తిప్పుకుంది.

రెండు రోజులన్నర అలాగే గడిచింది. గంటకోసారి పిల్లను బోర్లా, వెల్లకిలా తిప్పారు. స్వరూప పాలు పిండి దూదితో నోట్లో పోసింది. బ్యాటరీ అయిపోతే మరొకటి తగిలించారు. పదకొండో రోజు రానే వచ్చింది. పురుడు చేయాలన్న మాట కొమురమ్మే ఎత్తలేదు. మూడో రోజు మధ్యాహ్నం దీపాలు వాటంతటవే మసకబారాయి. నర్సక్క గాభరాగా కొత్త బ్యాటరీ తెచ్చింది. సుచరిత వద్దంది. బ్యాటరీలో చేవ ఉంది. పిల్ల నీలాన్ని కూడా తిప్పికొట్టడం మొదలుపెట్టింది, అంతే. మింగేవాళ్లు లేరని దీపం వడ్డించడం తగ్గించింది.

సడవలి మళ్లీ పది పెంకులు ఎత్తాడు. పగటి వెలుగులో పిల్ల వాళ్ల నాన్న రంగులో, చామనచాయగా, అందంగా ఉంది. నోరు తెరిచి ఊరు లేచిపోయేలా ఏడ్చింది. కొమురమ్మ పిల్లను ఎత్తుకుని, తనే ముందుగా గడప దాటింది.

నలభై ఇళ్లలో ఆకుకూరలు చచ్చాయి. డబ్బాలు బయట బోర్లిస్తే కోతులు పండగ చేసుకున్నాయి.

మర్నాడు వాగు తగ్గాక పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ రక్తం చూసి, ఇప్పుడు పరవాలేదంది. "ఇంతకుముందు ఎంత ఎక్కువుండె? ఎన్ని రోజులుండె?" అని అడిగింది. తెలియదని సుచరిత చెప్పింది, ఎవరికీ కనబడలేదని చెప్పింది. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాస్తూ, మూడు నెలలు నిండాక పిల్లకు చెవుల పరీక్ష చేయించమంది. ఈ జబ్బు ముదిరితే ముందు తగిలేది చెవులకేనని మామూలుగా చెప్పింది.

హనుమకొండలో భూమేశ్వర్ గారు కుర్చీలో కూర్చోలేకపోయారు. "కూరకు పెట్టిన దీపం కామెర్లు కుదిర్చిందా! సుచరితా, ఇది మామూలు సంగతా?"

"కుదిర్చింది సార్. తొమ్మిది రోజులు దాచింది కూడా. రిపోర్టులో ముందు అదే రాస్తా."

"రెండూ రాస్తే దాచిన సంగతే చదువుతారమ్మా."

"చదవనివ్వండి."

నజీర్ తల దించుకుని స్క్రూలు ఏరుకుంటున్నాడు. సుచరిత పాత పుస్తకం తెరిచి ముఖ్యం కాదని పెట్టిన గుర్తు భూమేశ్వర్ గారికి చూపించింది. "నా వంటింట్లోనే తెలిసింది సార్. నవ్వుకుని వదిలేశాను." ఆయన ఆ వాక్యం చదివి, కళ్లజోడు తీసి, చాలాసేపు తుడుస్తూ ఉండిపోయారు.

కొత్త దీపం కార్తీకంలో తయారైంది. అది కూడా ఆకు మాట వింటుంది, కానీ పూర్తిగా వినదు. ఆకు ఎంత వద్దన్నా పసుపునూ ఆకుపచ్చనూ ఒక మోతాదు కిందికి దించదు. దానివల్ల రోజుకు రెండు గంటల వెలుగు తగ్గింది. ప్రశ్నల కాగితం కూడా మారింది. "పచ్చగా ఉందా" తీసేసి, "పగటి వెలుగులో ఆకు రంగు మీ మాటల్లో చెప్పండి" అని రాశారు. పట్టికలో వృథా అన్న గడికి ఏం పేరు పెట్టాలో తేలక ఖాళీగా వదిలారు.

సుచరితే స్వయంగా దీపాలు తీసుకుని ఇప్పగూడెం వెళ్లింది. సడవలి ఇంట్లో గోనెపట్టా తీసేసిన కిటికీకి కోతులు మళ్లీ చేరాయి. అరల మీద మెంతి లేతగా లేచింది. కొమురమ్మ చిటికెడు పసుపు తెచ్చి కొత్త దీపం కింద అరచేతిలో పోసుకుని చూసింది.

"ఇప్పుడు పసుపు పసుపు లెక్కనే కొడుతున్నది," అంది.

పిల్ల స్వరూప ఒళ్లో ఉంది. మూడు నెలలు దాటాయి, బొద్దుగా తయారైంది. సుచరిత గుండె గట్టిచేసుకుని, పిల్ల వెనకవైపుకి వెళ్లి, గోడవార ఉన్న ఇత్తడి పళ్లేన్ని రాయి మీద పడేసింది. చప్పుడుకు కిటికీలో కోతులన్నీ ఒక్కసారిగా దూకి పారిపోయాయి. కొమురమ్మ ఉలిక్కిపడి పసుపు ఒలకబోసుకుంది.

పిల్ల కదల్లేదు. స్వరూప మెడలోని పూసలు పట్టుకుని ఆడుకుంటోంది.

కొమురమ్మ చేతులు కడుక్కోవడానికి వాకిట్లోకి వెళ్లింది, సుచరిత పళ్లెం తీసి గోడవార పెట్టింది. వెనక్కి తిరిగేసరికి స్వరూప ఆవిణ్నే చూస్తోంది.

"నాకు నెల సంది తెలుసు మేడం. వెనకనుంచి ఎంత పిలిచినా చూడది. ముందలికొచ్చి మాట్లాడితే మాత్రం నా నోరే చూస్తది, నవ్వుతది. ముసలామెకు చెప్పలే."

"నా దీపం వల్లే స్వరూపా," అంది సుచరిత. అంతకంటే తక్కువ మాటల్లో చెప్పలేకపోయింది, ఎక్కువ చెప్పే ధైర్యమూ లేదు.

స్వరూప లేచి, పిల్లను చంకకు మార్చుకుని, అరకు కట్టిన కొత్త దీపాన్ని విప్పింది. మెంతి ఆకుల మీద పడుతున్న వెలుగును తిప్పి, తన ముఖం మీద పడేలా గోడలోని గూటానికి కట్టుకుంది. తరవాత దాని ముందు కూర్చుని పిల్లను ఎదురుగా పట్టుకుంది. నోరు పెద్దగా తెరిచి, ఒక్కో అక్షరం విడదీసి, పిల్ల పేరు పలికింది. పిల్ల ఆ పెదాల వంక కన్నార్పకుండా చూసి, బోసినోటితో నవ్వింది. స్వరూప మళ్లీ పలికింది.

పాత దీపమైతే ఆ ముఖం నుంచి తిరిగొచ్చే రంగులన్నీ వృథా అని లెక్కగట్టి, ఒక్కొక్కటే మానుకుంటూ పోయేది. అర మీద మెంతికూర నీడలో ఉంది. సుచరిత దీపాన్ని అటు తిప్పమని చెప్పలేదు.